పోలేరమ్మ సరంగు

మా నాన్నను కుక్క కరిచింది. 1998లో, ఒక ఆదివారం పొద్దున ఏడింటికి, భవానీపురంలో చేపల దుకాణాల దగ్గర. ఆ కుక్క చేసింది న్యాయమే. ఈ మాట అప్పట్లో అని ఉంటే మా ఇంట్లో నాకు అన్నం పుట్టేది కాదు. ఇప్పుడు నా జీతం నేను తింటున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నాన్న పేరు రామ్మూర్తి. ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆదివారం చేప కొనడం ఆయన సొంత శాఖ. మొప్పలెత్తి చూసి, కళ్ళలోకి తేరిపార చూసి, చేపకు పరీక్ష పెట్టి గానీ సంచిలో వేయించుకోడు. ఆ రోజు ఆయన వెళ్ళేసరికి, కొరమేను అమ్మే పోలేరమ్మ తన దుకాణం వెనక గోనెపట్టా మీద పడి కొట్టుకుంటోంది. ఫిట్సు.

మన వైపు ఎవరికి ఫిట్సు వచ్చినా చుట్టూ ఉన్నవాళ్ళు చేసే పని ఒకటే. చేతిలో ఇనుము పెడతారు. తాళాలగుత్తి, మేకు, గొళ్ళెం, ఏది దొరికితే అది. ఎందుకు పెడతారని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పెట్టకపోతే మాత్రం "చూస్తూ నిలబడ్డాడు, మనిషేనా" అంటారు. నాన్న చూస్తూ నిలబడే రకం కాదు. జేబులోంచి తాళాలగుత్తి తీసి వంగాడు. ఆమె తల దగ్గర కూర్చున్న ఎర్రకుక్క లేచి గుర్రుమంది. "ఛీ, అవతలికి పో" అన్నాడు నాన్న. ముప్పై మూడేళ్ళు ఆ మాటకు ఎదురు లేదు. కుక్క పోలేదు. ఆయన ఇంకొంచెం వంగాడు. అది పిక్క పట్టుకుంది.

నాన్నకు కోపం వస్తే అర్జీ రాస్తాడు. అమ్మ సబ్బుపెట్టి కాలు కడుగుతుంటే ఆయన తెల్లకాగితం మడతపెట్టి మార్జిన్ తీసుకుంటున్నాడు. "చేపల దుకాణముల యందు పిచ్చికుక్క సంచరించుచున్నది" అని మొదలు. పిచ్చిదని ఎలా తెలిసిందని అడిగాను.

"హెడ్మాస్టర్ని కరిచింది. ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆ అర్జీ కుక్కల బండి పంపే ఆఫీసులో ఇచ్చి, రసీదు పుచ్చుకుని, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ వరసలోనే నాన్న ఏమిటో తెలిసిపోతుంది. డాక్టరు గాయం చూసి, బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులన్నాడు. "కుక్కను మాత్రం పదిరోజులు కనిపెట్టి ఉండండి. పదిరోజులూ శుభ్రంగా తిని తిరిగితే మిగతా సూదులు ఆపేద్దాం. చచ్చిపోయినా, కనపడకుండా పోయినా అన్నీ వేయించుకోవాలి. పైన ఇంకొన్ని కూడా."

మొదటి సూదితోనే నాన్నకు ఆ కుక్క ఆయుష్షు మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టింది. కుంటుకుంటూ మళ్ళీ ఆఫీసుకు పోయి అర్జీ వెనక్కి ఇమ్మన్నాడు. గుమాస్తా మర్యాదస్తుడే. "నంబరు పడిపోయిందండీ మేస్టారూ. ఇంక దాన్ని ఎవరూ ఆపలేరండీ. బండి ఖాళీ అయినప్పుడు వచ్చిద్ది" అన్నాడు. వద్దని ఇంకో అర్జీ రాసిచ్చాడు నాన్న. దానికి ఇంకో నంబరు పడింది. బండి రేపు రావచ్చు, పదిహేను రోజులకు రావచ్చు. కుక్క కోసం కాకపోయినా తన పొట్ట కోసం నాన్న ఆ దుకాణాల దగ్గర కాపలా కాయాల్సి వచ్చింది. నాకు డిగ్రీ పరీక్షలై సెలవులు. సాక్షిగా నన్ను వెంటేసుకుపోయాడు.

మంగళవారం పొద్దున పోలేరమ్మను నేను మొదటిసారి దగ్గరగా చూశాను. నలభై ఏళ్ళుంటాయి. కత్తిపీట చెక్క మీద కుడికాలు మడిచి కూర్చుని, నిలువుగా లేచిన ఆ కత్తికి కొరమేనును ఇటునించి ఒకసారి, అటునించి ఒకసారి ఆనించేది. ముక్కలు వాటంతట అవే రాలినట్టుండేవి. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం ముడుచుకోదు. మిగిలిన నాలుగు వేళ్ళతోనే చేపను పట్టేది, చిటికెనవేలు గాలిలో నిటారుగా నిలబడేది. మడిచిన కాలి పక్కనే ఎర్రకుక్క. ఒక చెవి చీలి ఉంది. పక్కన పేగులు పడుతున్నా ఆమె విసిరితే తప్ప ముట్టుకోలేదు.

నాన్న నాలుగడుగుల దూరంలో నిలబడి నోటుబుక్కు తీశాడు. "ఉ. 7.10. కుక్క నీళ్ళు తాగినది" అని రాసుకున్నాడు.

"ఏంటి మేస్టారూ, మా సరంగుకి హాజరేస్తన్నారా?" అంది పోలేరమ్మ.

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. నాన్న నవ్వలేదు. "నీ కుక్క నన్ను కరిచిందమ్మా. క్షమాపణ చెప్పాలని కూడా లేదా నీకు?"

"దెబ్బ తగిలినందుకు బాధేనండి. గాయానికి పసుపంపించా, మీ ఇంట్లో తీసుకోలేదంట. కరిచినందుకు మాత్రం చెప్పనండి. అది దాని పని."

నాకు ఆ క్షణంలో ఆమె మీద ప్రేమ పుట్టింది. నాన్నకు ఎదురుగా నిలబడి 'చెప్పను' అన్న మనిషిని మా ఇంటావంటా చూడలేదు మరి.

ఆమెది బందరు అవతల సముద్రం ఒడ్డున పల్లె. పెళ్ళయిన ఆరేళ్ళకు, పడవలోంచి వల దింపుతూ ఒడ్డునే పడిపోయింది. అది మొదటిసారి. గంగమ్మ తల్లి పట్టిందన్నారు, మొక్కులు తీర్చారు. మళ్ళీ పడింది. ఇక పడవ ముట్టుకోవద్దన్నారు, వల ముట్టుకోవద్దన్నారు, పొయ్యి దగ్గరకు పోవద్దు, నూతి దగ్గరకు పోవద్దు. "ఇంక నాకు మిగిలిందేంటండి, మూల కూర్చుని ఊపిరి పీల్చటం. అదీ ఎవరన్నా వద్దంటారేమోనని బెజవాడొచ్చేశా" అని చెప్పింది. మొగుడు ఐసు లారీల మీద పనికి కుదిరాడు. ఆమె కత్తిపీట వేసుకుంది. పెద్దాసుపత్రి మాత్రలు ఏ రోజూ మానలేదు. వాటివల్ల వారానికొకసారి వచ్చేది రెండు నెలలకొకసారి అయింది గాని, బొత్తిగా పోలేదు. నిలబడ్డ కత్తి ముందు కూర్చునే మనిషికి రెండు నెలలకొకసారైనా ఎక్కువే.

అక్కడికి వచ్చింది సరంగు. పేగుల కోసం చేరిన కుక్కపిల్ల. ఒకరోజు ఉన్నట్టుండి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది. చీర పాడుచేస్తోందని ఒక తన్ను తన్నింది పోలేరమ్మ. కాసేపటికి పడిపోయింది. ఇంకోసారి లాగింది, మళ్ళీ తన్నింది, మళ్ళీ పడింది. మూడోసారి లాగినప్పుడు తన్నలేదు. కత్తిపీట గోడవైపు తిప్పేసి, గోనెపట్టా మీద ఎడమపక్కకు తిరిగి పడుకుంది. పడుకున్నాక వచ్చింది ఫిట్సు.

"మా పడవల మీద సరంగుంటాడండి, పడవ నడిపేవోడు. గాలి మారేది అందరికంటే ముందు ఆయనకే తెలిసిద్ది. ఆయన తెరచాప దించమంటే మాట్టాడకుండా దించాల. ఇదీ అంతే" అంది. అలా దానికి ఆ పేరు.

ఈ మధ్య కంప్యూటర్‌లో చదివాను. కొన్ని దేశాల్లో ఇలాంటి కుక్కలకు బడులున్నాయట. కోటు తొడిగి, మెడలో కార్డు వేసి, రైల్లో మనిషితోపాటు ఎక్కనిస్తారట. ఆ కోటు చూసి జనం పక్కకు తప్పుకుంటారట. సరంగు ఏ బడికీ పోలేదు. దానికి ఎవరూ నేర్పలేదు. చదువుకున్నవాళ్ళం మేం మాత్రం దాన్ని చంపించడానికి మార్జిన్ తీసి అర్జీలు రాశాం.

గురువారం నాన్న ఉండబట్టలేక అడిగాడు. "సరేనమ్మా, ముందుగా చెబుతుంది, ఒప్పుకున్నాను. మరి సాయం చేయడానికి వచ్చినవాణ్ణి కరవడం దేనికి?"

పోలేరమ్మ చేతులు కడుక్కుని, ఎడమ అరచెయ్యి ఆయన కళ్ళద్దాల ముందు చాపింది. బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి కింద దాకా అడ్డంగా తెల్లటి మచ్చ. "ఇది చేప కోసేటప్పుడు తెగింది కాదండి. సాయం చేసినప్పుడు తెగింది. సరంగు రాకముందు. పడి కొట్టుకుంటన్నా, ఇనుమివ్వండి ఇనుమివ్వండి అని అరిచారంట. చేపల దుకాణాల్లో చేతికందే ఇనుమేంటండి? పొలుసు తీసే కత్తి. అది తెచ్చి పిడికిట్లో పెట్టారు. పిడికిలి దానంతటది బిగుసుకునిద్ది కదండి, ఇంక వదల్లేదు. తెలివొచ్చేసరికి రెండు చేతులూ నెత్తురు."

"ఎవరు పెట్టారు?"

"అందర్నీ అడిగానండి. నేను కాదంటే నేను కాదన్నారు. ఆనక అడగటం మానేశా."

నాన్న నోటుబుక్కు మూసేశాడు. పక్క దుకాణంలో రొయ్యలు ఒలుస్తున్న సువార్తమ్మ లేచి నీళ్ళకని వెళ్ళిపోయింది. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. పోలేరమ్మ పడినప్పుడల్లా రెండు దుకాణాల బేరాలూ తనే చూసేది. లేచాక టీ తెప్పించేది. కాని పడి ఉన్నంతసేపూ దగ్గరకు వచ్చేది కాదు. దూరంగా నిలబడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉండేదని తర్వాత విన్నాను.

సరంగుకు ఇనుము వాసన పడదని ఆ వరసలో అందరూ నమ్మేవాళ్ళు. నేను నమ్మను. దానికి ఇనుమేమిటో ఇత్తడేమిటో ఏం తెలుసు? ఆమె పడి ఉన్నప్పుడు ఎవరూ మీదకు వంగకూడదు. దానికి తెలిసిన చట్టం అదొక్కటే.

ఆ చట్టం గంగాప్రసాద్‌కు నచ్చలేదు. ఆ వరస దుకాణాల దగ్గర రోజూ డబ్బు వసూలు చేసుకునే ఆశీలు పాడుకున్నది అతనే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అతని మాటే చెల్లుతుంది. శుక్రవారం వచ్చి తెల్లచొక్కా నలగకుండా నిలబడి చెప్పాడు. "హెడ్మాస్టరుగారినే కరిచింది. రేపు ఇంకెవరినో కరిస్తే ఈ వరసకి ఒక్క బేరమూ రాదు. కుక్కని తీసెయ్యాలి. అసలు ఫిట్సు మనిషికి కత్తిపీట దగ్గర పనేంటి? ఇంటికాడ కూర్చోవచ్చుగా."

"కుక్క లేకపోతే నేను కత్తి ముందు కూర్చోలేను. కత్తి ముందు కూర్చోకపోతే నాకు దుకాణం లేదు. కుక్కని తీసెయ్యటవంటే నన్ను తీసెయ్యటమే. ఆ మాట తిన్నగా అను గంగాప్రసాదూ, కుక్కెనక దాక్కోమాక" అంది. అతను మాట్లాడకుండా పోయాడు. మాట్లాడకుండా పోయేవాడితోనే భయమని ఆమెకూ తెలుసు. ఆ పూట ఆమె బేరాలు ఆడుతూనే వీధి మొదటికి చూస్తూ ఉంది.

ఆరో రోజు శనివారం. రెండు నెలలకొకసారి వచ్చేది ఈసారి వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది, నాన్న కంటిముందే. ఎవరికో శీలావతి చేప కోస్తోంది పోలేరమ్మ. సరంగు లేచి కుచ్చెళ్ళు నోట కరుచుకుని లాగింది. సగం కోసిన చేపను పళ్ళెంలో పెట్టేసి, "కాసేపు ఆగండి" అని, కత్తిపీట గోడవైపు తిప్పి వెళ్ళి పడుకుంది. మనిషి చక్కగా ఉంది, మా వైపు చూసి తల కూడా ఊపింది. నాన్న వాచీ చూసుకున్నాడు. నాలుగు నిమిషాలకు ఆమె ఒళ్ళు బిగుసుకుపోయింది.

నాన్న చెయ్యి జేబులోకి పోయింది. ఆయన తప్పు కాదు, ఆ చెయ్యికి అరవై ఏళ్ళ అలవాటు. తాళాలగుత్తి బయటికి వచ్చింది. సరంగు తలెత్తింది. నాన్న ఆ గుత్తిని కాసేపు చూసి, నా చేతికిచ్చి, పదడుగులు వెనక్కి నడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరో మగమనిషి మేకు పట్టుకుని పరిగెత్తుకొస్తే, "ఆగవయ్యా! ఏమీ చెయ్యకుండా నిలబడ్డం కూడా చేతకాదా నీకు?" అని బడిలో అరిచినట్టు అరిచాడు. ఆ రోజు నోటుబుక్కులో "7.32. కుక్క ముందే చెప్పినది" అని ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పదో రోజుకు సరంగు పులిలా ఉంది. డాక్టరు సూదులు ఆపేశాడు. పదకొండో రోజు, గురువారం, బండి వచ్చింది.

ఇనుప జాలీ బండి. ముగ్గురు మనుషులు, పొడుగు కర్రలకు తీగె ఉచ్చులు. ముందు గంగాప్రసాద్. నాన్న అడ్డం పోయి, "కరిపించుకున్నది నేను, అర్జీ నాది, వద్దంటున్నది కూడా నేనే" అన్నాడు. బండి మేస్త్రీ కాగితం చూపించాడు. "కరిచిన కుక్కండీ. నంబరు మా దగ్గరుంది. మీ రెండో కాగితం మాకు రాలేదండీ."

పోలేరమ్మ కత్తిపీట మీద నుంచి లేవలేదు. సరంగును లాగి తన కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. ఉచ్చు పట్టుకున్నవాడు ముందుకొచ్చాడు గాని, కుక్క మెడకు ఉచ్చు వేయాలంటే ఆ నిలువు కత్తిని దాటి చెయ్యి పెట్టాలి. ఆగిపోయాడు.

"మేస్టారి కాలు కరిచింది. ఒప్పుకుంటన్నా. బండొచ్చింది" అంది పోలేరమ్మ. గొంతు వరస చివరిదాకా వినపడుతోంది. "మరి నా చెయ్యి తెగినప్పుడు ఏ బండొచ్చిందయ్యా? నాలుగేళ్ళయింది, ఈ వేలు మళ్ళా ముడవలేదు. కుక్క కరిస్తే నంబరుంది. మనిషి కోస్తే నంబరు లేదా? ఇంతమందిలో నేనే కోశానన్నోళ్ళు ఒక్కళ్ళు లేరు. అది మాత్రం కరిచి, పారిపోకుండా నా పక్కనే కూర్చుంది. మీరు ఎక్కించాలనుకుంటే, నా చేతిలో ఇనుము పెట్టినోళ్ళనీ పెట్టబోయినోళ్ళనీ ముందెక్కించండి. ఆళ్ళ ఎనక ఇది ఎక్కుద్ది. దీనెనక నేనెక్కుతా."

బేరానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడిపోయారు. గంగాప్రసాద్ "ఊరికే నాటకాలు..." అని మొదలుపెట్టాడు.

సువార్తమ్మ లేచింది. రొయ్యల తట్ట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ నడిచి బండి దగ్గరకు వెళ్ళింది. జాలీ తలుపు తీసే ఉంది. చువ్వ పట్టుకుని లోపలికెక్కి, కుక్కలు కూర్చునే చోట కూర్చుంది.

"నేనే పోలేరమ్మా. నేనే పెట్టా. ఇనుమివ్వమని అరుస్తుంటే నా కత్తి నీ చేతిలో పెట్టా. నువ్వు బాగవ్వాలనే పెట్టా. నెత్తురు చూశాక చెప్పటానికి నోరు రాలేదు. నాలుగేళ్ళుగా ప్రార్థనలో దేవుడికి చెప్పుకుంటన్నా, నీకు చెప్పలేకపోయా." ఏడుస్తూనే బండి మేస్త్రీ వైపు తిరిగింది. "తలుపెయ్యండి బాబూ."

మేస్త్రీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు మా నాన్న చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియాలి, గుడికి పోతున్నట్టు. పంచె పైకి పట్టుకుని, కరిచిన కాలు ముందు పెట్టి బండెక్కాడు. జేబులోంచి తాళాలగుత్తి తీసి మేస్త్రీకి చూపించి, "పెట్టబోయినవాణ్ణి నేను" అన్నాడు. ఆ వెనకే, శనివారం మేకుతో పరిగెత్తుకొచ్చిన మనిషి సిగ్గుపడుతూ వచ్చి నిలబడ్డాడు. చేపలమ్మే ఇద్దరు ఆడవాళ్ళు, పాత రోజుల్లో ఎప్పుడో గొళ్ళెం పెట్టినవాళ్ళట, చేతులు తుడుచుకుంటున్నారు.

"ఇది మా వల్ల కాదండీ" అన్నాడు మేస్త్రీ గంగాప్రసాద్‌తో. "మనుషుల్ని దింపించండి. దింపితే మేం పోతాం. కుక్క కనపడలేదని రాసుకుంటాం." గంగాప్రసాద్ తెల్లచొక్కా వీపున తడిసిపోయింది. అతను మళ్ళీ ఆ వరసలో కుక్క మాట ఎత్తలేదు.

అందరూ దిగారు. సువార్తమ్మ మాత్రం దిగలేదు, చువ్వ పట్టుకుని అలాగే కూర్చుంది. పోలేరమ్మ గోనెపట్టా మడత కింద చెయ్యి పెట్టి ఒక కత్తి తీసింది. పొలుసు తీసే కత్తి, పిడికి నీలం వలతాడు చుట్టి ఉంది. నాలుగేళ్ళు నూరక తుప్పు పట్టింది. తీసుకెళ్ళి జాలీలోంచి లోపలికి అందించింది.

"ఇది నీదేగా అక్కా" అంది.

"తెలుసా నీకు?"

"ఆ తాడు చుట్టింది నేనే కదా. నీ పిడి జారిపోతందంటే."

"మరి అడగలేదేం?"

"అడిగా. నువ్వు కాదన్నావు." ఉచ్చులవాళ్ళ ముందు ఏడవని మనిషి, ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "దిగక్కా. రొయ్యలు ఎండకి పాడైపోతన్నాయి."

తర్వాత చాలా వారాలు నాన్న ఆదివారాలు నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఇప్పుడు సాక్షి అవసరం లేదు, ఊరికే. అలాంటి ఒక ఆదివారం సరంగు మళ్ళీ కుచ్చెళ్ళు లాగింది. పోలేరమ్మ కత్తిపీట తిప్పేసి వెళ్ళి పడుకుంది. సువార్తమ్మ ఎప్పటిలాగే దూరంగా నిలబడింది. పోలేరమ్మకు ఒళ్ళు బిగుసుకోక ముందు కాస్త టైముంది.

"రా అక్కా. ఖాళీ చేతుల్తో రా" అని పిలిచింది.

సువార్తమ్మ దగ్గరగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. సరంగు గుర్రుమంది. ఆమె రెండు అరచేతులూ విప్పి దాని ముక్కు ముందు పెట్టింది. రొయ్యల వాసన తప్ప వాటిలో ఏమీ లేదు. కుక్క ఒక చెయ్యి వాసన చూసింది, రెండోది చూసింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.